మూడు వందల అంగల దూరం

సముద్రం ఏ పూట వెనక్కి పోతుందో లెక్క కట్టి చెప్పమని మా బావ అడిగితే, పిట్టల ఫోటోల కోసమే అనుకున్నాను. అరవైల నడిమి రోజులవి. ఖరగ్‌పూర్‌లో చలి బాగా ముదిరింది. రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగే వేళకి కూడా మంచు విడిచేది కాదు. సైకిళ్ళ గంటలు ముందు వినపడి, మనుషులు తర్వాత కనపడేవారు.

బావ అంటే మా పెద్దక్క భర్త. పాసింజరు బళ్ళు నడిపే డ్రైవరు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద, అప్పటికి నలభై ఆరు నడుస్తోంది. నేను వర్క్‌షాపు టైమ్ ఆఫీసులో గుమస్తాను, సుభాష్‌పల్లిలో ఒక గది అద్దెకి తీసుకుని ఉండేవాణ్ణి. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తర్వాత పాత పుస్తకాలు ముందేసుకుని నా అంతట నేనే లెక్కలు నేర్చుకున్నాను. దేన్నయినా కొలవకుండా, ఎంచకుండా ఉండలేను. వీధిలో స్తంభాలూ, మెట్లూ, సినిమా హాల్లో కుర్చీలూ అన్నీ నా నోట్‌బుక్కుల్లో ఉండేవి. బావ నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ. "మేష్టరూ" అనేవాడు, వెక్కిరింపుగానే.

ఆటుపోట్ల లెక్క పెద్ద కష్టం కాదు. బాలాసోర్ నుంచి చేపలు తెచ్చే ఒక వ్యాపారిని అడిగి, అమావాస్య నాడు నీళ్ళు ఎన్నింటికి తీస్తాయో కనుక్కున్నాను. అక్కణ్ణుంచి రోజుకి యాభై నిమిషాల చొప్పున కలుపుకుంటూ పోవడమే. వచ్చే ఆదివారం పదిన్నర ప్రాంతాన సముద్రం పూర్తిగా వెనక్కి పోతుందని తేలింది. చాందీపూర్ దగ్గర అది వెనక్కి పోవడమంటే మామూలుగా పోదు, రెండు మూడు మైళ్ళు పోతుంది. ఆ తడి నేల మీదికి చలికాలంలో ఎక్కడెక్కడి పిట్టలో దిగుతాయి.

బావకి కెమెరా వచ్చి పదేళ్ళయింది. ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ సామాను అమ్ముకున్న ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గర కొన్నాడు. మూత తెరిస్తే తోలు తిత్తితో ముందుకొచ్చే మడత కెమెరా, చుట్టకి పన్నెండు ఫోటోలు. మొదట్లో ఇంట్లోవాళ్ళని తీశాడు. నిలబడమంటే నిలబడేవాళ్ళని తీయడంలో గొప్పేముందని పిట్టల మీద పడ్డాడు. సెలవు దొరికితే హిజ్లీ అవతల చెరువుల దగ్గరికి, చలికాలం ఒకసారైనా సముద్రానికి వెళ్ళేవాడు. ఎప్పుడూ ఇంజన్‌లో బొగ్గు వేసే తన ఫైర్‌మన్‌ని వెంట తీసుకుని వెళ్ళేవాడు. ఆ ఫైర్‌మన్‌కి ప్రమోషన్ వచ్చి ఆ నెలే ఆద్రా డివిజన్‌కి వెళ్ళిపోయాడు. అందుకని ఈసారి నేను.

ఆ ఫోటోలకి వేరే పని ఉందని నాకూ కొంచెం తెలుసు. ఇంజన్ల షెడ్డులో మాట పుట్టింది. బావ రెండుసార్లు ప్లాట్‌ఫారం దాటించి బండి ఆపాడనీ, చూపు తగ్గిందనీ. ఆయన వాదించలేదు. కొంగలూ బాతుల ఫోటోలు పెద్దవి చేయించి, డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూము గోడకి అంటించాడు. "పిట్ట ముక్కు దొరకబుచ్చుకున్నోడికి సిగ్నల్ సెయ్యి కనపడదేటి?" అని అందరి ముందూ అన్నాడట. మాట కొంత సద్దుమణిగింది. కాని మూడు వారాల్లో డ్రైవర్లకి జరిగే కళ్ళ పరీక్ష ఉంది. అంతకుముందే గోడ మీదికి కొత్తవి రావాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి. అంతకు పది రోజుల ముందు అక్క ఇంట్లో భోజనం చేస్తుంటే, రైల్వే ఆస్పత్రిలో నాకు కళ్ళజోడు రాసినప్పుడు చూపించిన పలక సంగతి బావ అడిగాడు. అక్షరాలు పైనుంచి కిందికి చిన్నవవుతూ పోయే పలక. నాకు మొత్తం గుర్తుందన్నాను. "కోతలు" అన్నాడు. రోషం వచ్చి వరస వరసా అప్పజెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు, తప్పు పడుతుందేమో చూస్తానని. మూడోసారీ చెప్పించాడు. నా జ్ఞాపకశక్తికి నేనే మురిసిపోయాను.

ఆదివారం తెల్లవారుజామున బాలాసోర్ పాసింజరు ఎక్కాం. ఖాళీగానే ఉంది. బావ కూర్చోలేదు. తలుపు దగ్గర నిలబడి మఫ్లరు చెవుల మీదికి లాక్కుని, ముఖం చలిగాలికి పెట్టాడు. నేను పక్కన నిలబడ్డాను. స్టేషన్ దగ్గరవుతున్నప్పుడల్లా అడిగేవాడు.

"ఏటి మేష్టరూ, ఔటర్ ఎలగుంది?"

"పడింది బావా."

"పడింది," అని గట్టిగా అనేవాడు.

పడిందంటే స్టేషనుకి ముందుండే ఔటర్ సిగ్నల్ చెయ్యి కిందికి వాలిందని, దారి ఖాళీ అని. అడ్డంగా నిలబడి ఉంటే బండి ఆగాలి. ఇంజన్ మీద అదొక పద్ధతి. సిగ్నల్ కనపడగానే ఫైర్‌మన్ ఒకరు, డ్రైవరు ఒకరు పైకి చెప్పాలి, ఒకరు పొరపాటు పడితే రెండోవాడు పట్టుకుంటాడని. ముప్పై ఏళ్ళ అలవాటు సెలవునాడు కూడా నోట్లోంచి పోలేదనుకుని నవ్వుకున్నాను. ఎప్పుడూ నేనే ముందు, ఆయన తర్వాత. అది గమనించాను కాని ఆలోచించలేదు.

వంతెన రాబోతోందని రాకముందే చెప్పేవాడు. "ఇప్పుడు సూడు, గుల్ల మోత మోగుతాది." మోగేది. "ఇక్కడ ఎడం పక్కకి ఒరుగుతాది." ఒరిగేది. బేల్డా, దాంతన్, జలేశ్వర్, అన్నీ అంతే. మంచులో నాకే ఏమీ కనపడని చోట ఆయనకి అన్నీ తెలుస్తున్నాయి. షెడ్డులోవాళ్ళు ఒట్టి కుళ్ళుమోతులనుకున్నాను.

బాలాసోర్‌లో బస్సెక్కి చాందీపూర్‌లో దిగేసరికి పది కావొచ్చింది. సరుగుడు తోట దాటి ఒడ్డుకి వస్తే సముద్రం లేదు. బూడిద రంగు నేల, దాని మీద పల్చటి నీటి మెరుపు, అంతే. ఎక్కడో చివర తెల్లటి గీత. ఎండ వచ్చినా వేడి లేదు. పీతలు ఏరుకునే ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు దూరంగా వంగి ఉన్నారు. ఆర్మీవాళ్ళు గుండ్లు పేల్చి చూసుకునే చోటు అది. ఆదివారం కాబట్టి మోత లేదు.

చెప్పులు చేతపట్టుకుని లోపలికి నడిచాం. కాళ్ళ కింద నేల గట్టిగానే ఉంది, చల్లదనం మాత్రం మోకాళ్ళ దాకా పాకింది. అర మైలు పోయాక పిట్టలు తగిలాయి. బూడిద రంగువి, కొడవలిలా కిందికి వంగిన పొడవాటి ముక్కులవి.

"ఎడం పక్క, నీటి గుంట ఒడ్డున. పదకొండు," అన్నాను.

"పదకొండు. దూరమెంత?"

"నలభై గజాలు."

"నలభై. తిప్పు."

దూరం చూపించే చక్రం నేను తిప్పేవాణ్ణి, ఆయన కెమెరా కంటికి ఆనించి నొక్కేవాడు. ఆ కెమెరాలో ముప్పై గజాల దూరంలో ఉన్న పిట్ట ఆవగింజంత పడుతుందని ముందురోజే కాగితం మీద లెక్క వేశాను. ఇంకా దగ్గరికి పోదామంటే ఎగిరిపోతాయన్నాడు. అలా అయిదు ఫోటోలు తీశాడు. ప్రతిసారీ నేను ఎన్నో చెప్పడం, ఆయన ఆ అంకె తిరిగి చెప్పడం.

ఆరోదాని దగ్గర నేను ఫిల్ము తిప్పి, కెమెరా వెనక ఎర్ర కిటికీలో అంకె చూస్తున్నాను. ఎక్కణ్ణుంచో ఒక కుక్క పరుగెత్తుకొచ్చింది. పిట్టలన్నీ ఒక్క కేకతో లేచి అవతలికి పోయాయి. బావ కెమెరా అందుకుని, పిట్టలు పోయిన నేల వైపు పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కాడు.

"బాగా పడ్డాయి. ఆ ముందున్నదాని ముక్కు కూడా వొచ్చుంటాది," అన్నాడు.

ఆలస్యంగా నొక్కాడేమో, పరువు కోసం అలా అంటున్నాడేమో అనుకున్నాను. కాని ముక్కు అన్న మాట నాకు మింగుడు పడలేదు. ఇంకో వంద అంగలు నడిచాం. ముందర వల కట్టడానికి పాతిన వెదురు గుంజ ఒకటి ఉంది. దాని చుట్టూ ఏమీ లేదు. తడి ఇసుక, అంతే.

"గుంజకి కుడి పక్క ఏడు," అన్నాను. "తెల్లవి. ఒకటి రెక్క సాపింది."

అంకెల విషయంలో నేను అంతవరకూ ఎవరికీ అబద్ధం చెప్పలేదు. నా గొంతు నాకే తేడాగా వినిపించింది. ఆయనకి వినిపించలేదు.

"ఏడు," అన్నాడు. "రెక్క సాపింది బాగుంటాది. దూరం?"

"ముప్పై."

"ముప్పై. తిప్పు."

తిప్పాను. ఆయన ఒక కాలు ముందుకేసి, వంగి, నొక్కాడు. క్లిక్కుమంది. తర్వాతి ఫోటోకి ఫిల్ము తిప్పమని కెమెరా నాకిచ్చాడు. నేను తిప్పలేదు.

"బావా, అక్కడ పిట్టల్లేవు."

"ఎగిరిపోనాయేటి?"

"ముందునుంచీ లేవు."

ఆయన కెమెరా నా చేతిలోంచి లాక్కున్నాడు.

"నన్ను పరీక్ష సేస్తన్నావేటిరా? నాను ఇంజన్ ఎక్కిన నాటికి నీకు లాగు బొత్తాలెట్టుకోడం రాదు. నీ ముక్కు మీ అప్ప తుడిసేది."

మా వైపు అక్కని అప్ప అంటాం. ఆయన తిట్టడం పూర్తయ్యాక, "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాను.

"నిరుడు వానాకాలం నుంచి." చొక్కా అంచుతో కెమెరా అద్దం తుడుస్తూ చెప్పాడు. "నేరుగా సూసిందే కనపడదు. పక్కనున్నది బాగానే కనిపిస్తాది. ఇప్పుడు నీ మొహం ఒట్టి మసక. నీ సెవులు మాత్రం సక్కగా కనిపిస్తన్నాయి. మొహం కంటే అవే నయంలే."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"మరి బండి?"

"ఫైర్‌మన్ గాడు ఉండీవాడు కదరా. ఆడు అరిసీవాడు, నాను తిరిగి అరిసీవాణ్ణి. ఆడు తెలిసే సేసినాడో తెలీకో, నానడగలేదు. రేత్రి కొంచెం నయం. దీపం పక్కకి సూస్తే రంగు తెలుస్తాది. పగలే సెడ్డది."

"అప్పకి తెల్సా?"

"తెల్దు. నువ్వు సెప్పకు."

అప్పుడు నాకు ఆ పలక గుర్తొచ్చింది. భోజనం దగ్గర మూడుసార్లు నాతో చెప్పించుకున్నది ఎందుకో అర్థమైంది. కోపం రావలసింది. సిగ్గేసింది.

మోసం పట్టుబడ్డవాడు మామూలుగా బతిమాలుతాడు. ఆయన అలా చేయలేదు. తల పైకెత్తి, "నువ్వు లెక్కల మనిసివి కదా, కొలు," అన్నాడు. "ఇక్కడ నేల సదునుగా ఉంది. ఎంత దూరం నుంచి నాకు తెలియాలో సెప్పు. అంతలోపు తెలీకపోతే నానే దిగిపోతాను. మాటిస్తన్నాను."

నలభై మైళ్ళ వేగంలో ఉన్న పాసింజరు ఆగాలంటే పావు మైలు, అంటే నాలుగు వందల నలభై గజాలైనా కావాలన్నాను. మంచు పడ్డ రోజు ఏ డ్రైవరికీ పావు మైలు కనపడదని ఆయన వాదన. అదీ నిజమే. బేరమాడి, చివరికి మూడు వందల అంగలకి ఒప్పుకున్నాం. నా అంగ రెండున్నర అడుగులు. అంటే రెండు వందల యాభై గజాలు. మంచి కన్నుకి అది ఒక లెక్క కాదు. పదిసార్లు చూపిస్తే ఎనిమిది సరిగ్గా చెప్పాలి. నా చెయ్యి రెండడుగులే, సిగ్నల్ చెయ్యి నాలుగడుగులని ఆయన మళ్ళీ పేచీ పెట్టాడు. ఆయన ఎప్పుడూ వెంట ఉంచుకునే గొడుగు తీసుకుని చేతికి కొనసాగింపుగా పట్టుకున్నాను. దాని మీద ఆయన ఎర్ర తువ్వాలు చుట్టాను. ఇంక పేచీకి చోటు లేదు.

నేను గొడుగు అడ్డంగా పెడితే ఆయన కూడా చెయ్యి అడ్డంగా చాపాలి. నేను దించితే ఆయనా దించాలి. ఇదీ ఒప్పందం.

వంద అంగల దగ్గర ఆగాను. పదికి పది. వెంటవెంటనే చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నోట్‌బుక్కులో రాసుకుని మళ్ళీ నడిచాను. రెండు వందల దగ్గర పదికి ఎనిమిది. కాని ఒక్కోదానికి ఆయన తల అటూ ఇటూ తిప్పి వెతుక్కుంటున్నాడు, పక్క చూపుతో పట్టుకోవాలని. నేను లోపల అంకెలు లెక్కపెట్టాను. ఒకదానికి పదకొండు దాకా వచ్చింది.

మూడు వందల అంగలు పూర్తయ్యేసరికి ఆయన చిటికెన వేలంత కనపడుతున్నాడు. చుట్టూ ఎవరూ లేరు. వెనక నుంచి గాలి. గొడుగు అడ్డంగా పెట్టాను. చాలాసేపటికి ఆయన చెయ్యి దించాడు. తప్పు. నేను అలాగే ఉంచాను. ఈసారి అడ్డంగా పెట్టాడు. ఒప్పు. అలా సాగింది. ఆరు, ఏడు. ఎనిమిదోసారి నేను గొడుగు మార్చే లోపే ఆయన చెయ్యి మారిపోయింది. తొమ్మిదోదీ అంతే. పదోదీ అంతే. నన్ను చూసి చెప్పడం మానేసి, నేనేం చేస్తానో ఊహించి చెబుతున్నాడు.

పీతల బుట్టతో పోతున్న ఒకావిడ నా దగ్గర ఆగింది. ఎర్ర గుడ్డ చుట్టిన గొడుగు పట్టుకుని సముద్రం నేల మీద స్తంభంలా నిలబడ్డవాణ్ణి చూసి, "కణ హేలా బాబు?" అంది, ఏమైందని. "కిఛి నాహి," అన్నాను. ఏమీ లేదని. ఆవిడ నమ్మలేదు. దూరంగా చెయ్యి చాపి ఉన్న బావ వైపు చూసి, నా వైపు చూసి, తల ఊపుకుంటూ పోయింది.

వెనక్కి నడిచి వెళ్ళాను. ఆయన ఇంకా చెయ్యి దించలేదు.

"ఎన్ని?"

"ఆరు."

"ఆరేటి! పదికి ఆరంటే సగం దాటింది. పాసు."

"ఎనిమిదనుకున్నాం బావా."

"ఎనిమిది నువ్వన్నావు. నాను ఊఁ అన్నాను. స్కూల్లో ముప్పై అయిదుకే పాసు సేస్తారు."

"గుడ్డోడు రూపాయి బిళ్ళ ఎగరేసి సెప్పినా పదికి అయిదొస్తాయి."

ఆ మాట అన్నాక వెనక్కి తీసుకోలేకపోయాను. ఆయన మఫ్లరు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. అంతలో కాళ్ళ కిందికి నీళ్ళు వచ్చాయి. సముద్రం తిరుగుముఖం పట్టింది. నీళ్ళు ఇక్కడి దాకా తిరిగొచ్చే వేళకి నేను కట్టిన లెక్కలో అయిదు నిమిషాలు తేడా, అంతే. కుండల్లోకి నీళ్ళు పోస్తున్నట్టు చప్పుడు చేస్తూ అది గుంటలన్నీ నింపుకుంటూ వస్తోంది. పిట్టలు మందలు మందలుగా లేచి ఒడ్డు వైపు, మా తలల మీదుగా ఎగిరాయి. ఆ రోజు మొత్తానికి అంత దగ్గరగా అప్పుడే వచ్చాయి. ఫిల్ములో ఇంకా అయిదు ఫోటోలు మిగిలున్నాయి. ఆయన కెమెరా మడిచి సంచిలో పెట్టేశాడు.

తిరుగు బండిలో ఆయన తలుపు దగ్గరికి పోలేదు. కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను సిగ్నళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టి, నలభై దాటాక మానేశాను. ప్రతిదానికీ ఒక తువ్వాలు చుట్టిన గొడుగు కనపడుతోంది. మా ఎదుటి బెంచీలో ఒక ముసలమ్మ మనవరాలి తల ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతోంది. ఆ పెట్టెలో ఎంతమంది ఉన్నారో ఎంచాను. యాభై మూడు.

దాంతన్ దాటాక బావ చిన్నగా అన్నాడు. "మూడు వారాలాగరా. డాక్టరు పనికిరానంటే దిగిపోతాను. ఆ మాట డాక్టరు నోట రానీ."

"డాక్టరు పలక నీకు నోటికొచ్చు. నేర్పింది నేనే."

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"రేపు పదింటికి నీ బండి," అన్నాను. "పొద్దున్నే షెడ్డుకెళ్ళి ఒంట్లో బాగోలేదని రాయించుకో. ఆస్పత్రికి నేనూ వొస్తాను. నువ్వు రాయించుకోకపోతే నేనెళ్ళి సెప్తాను."

"సెప్తావా?"

"సెప్తాను."

"మీ అప్ప మొగుణ్ణిరా నాను."

ఖరగ్‌పూర్‌లో దిగాక ఆయన క్వార్టర్స్ వైపు, నేను సుభాష్‌పల్లి వైపు పోయాం.

సోమవారం ఆఫీసులో రెండు గంటలు పర్మిషన్ అడిగి షెడ్డుకి వెళ్ళాను. దారి పొడుగునా, ఆయన సిక్ రాయించుకునే ఉంటాడు, నా పని ఉండదు అనుకుంటూనే నడిచాను. డ్యూటీ పుస్తకంలో ఆయన సంతకం ఉంది. ఎనిమిదీ యాభై. బయట ఇంజన్ ఆవిరి కక్కుతోంది. పైన ఆయన, పక్కన ముఖం కూడా తెలియని కొత్త ఫైర్‌మన్.

షెడ్డు ఫోర్‌మన్ బెంగాలీ పెద్దమనిషి. బావ ఫోటోలు మెచ్చుకునేవాళ్ళలో ఆయనొకడు. నేను చెప్పింది పూర్తిగా విని, "ఠిక్ జానెన్, దాదా?" అన్నాడు. సరిగ్గా తెలుసా అని. నేను నోట్‌బుక్కు తెరిచి బల్ల మీద పెట్టాను. వందకి పది, రెండు వందలకి ఎనిమిది, మూడు వందలకి ఆరు. చివరి మూడింటి పక్కన చూడకుండా చెప్పాడని రాసి ఉంది. ఆయన అది చదివాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ చదివాడు. తర్వాత లేచి బయటికి వెళ్ళాడు.

బావ ఇంజన్ మెట్లు వెనక్కి తిరిగి దిగాడు, డ్రైవర్లు ఎప్పుడూ దిగే తీరులో, రెండు చేతులా కడ్డీలు పట్టుకుని. చుట్టూ ఉన్న పదిహేను ఇరవై మంది పనులాపి చూస్తున్నారు. ఫోర్‌మన్ ఆయన భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. బావ తల తిప్పాడు. ఆయన నన్ను చూడాలనుకుంటే నా పక్కకి చూడాలని అప్పటికి ఆ షెడ్డులో తెలిసింది నాకొక్కడికే. ఆయన నా పక్కకి చూశాడు. చాలాసేపు చూశాడు.

ఆస్పత్రిలో చూస్తే కంటి వెనక మచ్చలు పడ్డాయనీ, అద్దాలతో నయమయ్యేవి కావనీ తేలింది. ముందే వస్తే ఏమైనా చేయగలిగేవారేమో డాక్టరు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇంజన్ మీద నుంచి తీసి, షెడ్డు స్టోర్స్‌లో ఇంజన్లు తుడిచే పాత నూలు, కిరోసిన్ పంచే పనిలో వేశారు. క్వార్టరు మారవలసి వచ్చింది. కొత్తది చిన్నది, ముందు వసారా ఉండేది. కెమెరాని అందులోని ఫిల్ముతో సహా ఎవరికో ఇచ్చేశాడు.

ఆయన నాతో మాట్లాడడం మానేశాడు. నేను మాత్రం ఆదివారాలు పోవడం మానలేదు. పోతే ఆయన వసారాలో కుర్చీలో ఉండేవాడు. నేను మెట్లెక్కుతుంటే కాళ్ళు పక్కకి జరిపేవాడు, దారి ఇవ్వడానికి. అంతే. అక్క టీ ఇచ్చేది. తను కూడా అవసరమైన మాటలే మాట్లాడేది. ఏడాది పైన ఇలాగే నడిచింది.

ఒక ఆదివారం అక్క వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఉన్నట్టుండి చేతులాపింది.

"ఒరే, నానొకటడుగుతాను. మూడు వారాల్లో డాక్టరు పరీక్ష ఉంది గదా. దించితే ఆయన దించీవాడు. నలుగుర్లో నువ్వే ఎందుకు దించాల?"

పలక సంగతి ఆమెకి తెలియదు. నేను చెప్పలేదు, ఆయనా చెప్పలేదని అప్పుడే అర్థమైంది. చెబితే తప్పు ఇద్దరిదీ అవుతుంది. అందుకని అంకె చెప్పాను.

"వారానికి మూడు బళ్ళు. మూడు వారాల్లో తొమ్మిది బళ్ళుండీవప్పా."

"ఆ తొమ్మిదీ బాగానే తెచ్చీవాడు. ఏడాదిన్నర తెచ్చినాడు కాదేటి? ఒక్కటైనా పడిపోనాదా?"

ఏడాదిన్నరకి రెండు వందల ముప్పై నాలుగు బళ్ళు. నేను ముందే లెక్క వేసుకున్నాను. ఒక్కటీ పడిపోలేదు. ఆ రెండు వందల ముప్పై నాలుగు తర్వాత వచ్చే తొమ్మిదీ కూడా క్షేమంగా వచ్చేవేమో, అది కాదనడానికి నా దగ్గర కాగితం మీద ఏమీ లేదు. ఎన్నిసార్లు వేసినా లేదు. ఫైర్‌మన్ మారాడని చెప్పవచ్చు. కొత్తవాడి కళ్ళు మాత్రం బాగాలేవా అని ఆమె అడుగుతుంది. అక్క మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది.

కుర్చీలోంచి బావ గొంతు వచ్చింది.

"తొమ్మిది కాదు. పది. ఆ మూడో వారం పూరీ స్పెషల్ కూడా నాకే రాసినారు."

ఏడాది పైగా ఆయన నాతో అన్న మొదటి మాట అది. అక్క ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. ఇంకేమీ అడగకుండా, ఒళ్ళోని ఈనెలు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది.